అక్రాలోని ఎన్‌క్రుమా స్మారక వనం: కూల్చిన నాయకుణ్ణే ఒక దేశం తిరిగి నిలబెట్టుకున్న చోటు

ఉద్యోగం మీదో వ్యాపారం మీదో ఘనాకు వచ్చే తెలుగువారు రాజధాని అక్రాలో ఒక పూట తీరిక దొరికితే ఏం చూడాలని అడిగినప్పుడు నేను ముందుగా చెప్పే పేరు, హై స్ట్రీట్‌లో ఉన్న, ఘనా స్వాతంత్ర్య నాయకుడు క్వామే ఎన్‌క్రుమా స్మారక వనం, దానికి అనుబంధంగా ఉన్న మ్యూజియం. సముద్రతీరాన ఐదెకరాలకు కొంచెం పైబడిన స్థలంలో ఉన్న ఈ ఆవరణను 1992 జులై 1న ప్రారంభించారు. విస్తృతమైన పునర్నిర్మాణం తరువాత 2023 జులైలో మళ్లీ సందర్శకుల కోసం తెరిచారు. చాలామంది దీన్ని ఒక మహానాయకుడి జీవిత చరిత్ర చెప్పే చోటుగా భావించి వెళతారు. నా అభిప్రాయంలో దీని అసలు విలువ వేరే చోట ఉంది. ఒక దేశం తనకు స్వాతంత్ర్యం తెచ్చిన మనిషిని తొమ్మిదేళ్లకే ఎలా తోసిపుచ్చిందో, మరణించిన ఇరవై ఏళ్లకు రాజధాని నడిబొడ్డుకు ఎలా తీసుకువచ్చిందో ఇక్కడి రాయి, కంచు, శవపేటిక కలిసి చెబుతాయి. ఆ దృష్టితో చూసేవారికి పశ్చిమ ఆఫ్రికాలో ఇంతకంటే విలువైన సందర్శన స్థలం అరుదు.

ముందు ఈ నేల గురించి తెలుసుకోవాలి. వలస పాలనలో ఇది తెల్లవారు పోలో ఆడుకునే మైదానం, ఆఫ్రికన్లకు ఇందులో ప్రవేశం ఉండేది కాదు. గోల్డ్‌కోస్ట్ పేరుతో ఉన్న ఆ దేశం 1957 మార్చి 6 తొలి ఘడియల్లో ఘనాగా మారినప్పుడు, ఎన్‌క్రుమా ఆ ప్రకటనకు వేదికగా ఎంచుకున్నది ఈ మైదానాన్నే. ఆ రాత్రి ఆయన, ఆయన సహచరులు సూటు బూట్లను పక్కనపెట్టి ఉత్తర ప్రాంతపు రైతులు వేసుకునే చేనేత చొక్కాలు ధరించారు, జైలుకు వెళ్లివచ్చామని చాటే అక్షరాలు కుట్టిన టోపీలు పెట్టుకున్నారు. 1950లో గాంధీ పద్ధతుల ప్రభావంతో సమ్మెలు, బహిష్కరణలు నడిపినందుకు జైలుపాలైన ఎన్‌క్రుమా, 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో జైలు గదిలో ఉండగానే అక్రా స్థానాన్ని గెలిచి, అక్కడి నుంచి నేరుగా ప్రభుత్వంలోకి వచ్చిన మనిషి. ఈ సంగతులు తెలియకుండా లోపలికి అడుగుపెడితే కనబడేది అందమైన తోట మాత్రమే.

ద్వారం దాటగానే ఇరువైపులా నీటి కుండాలు, వాటిలో కొమ్ముబూరలు ఊదుతున్న కళాకారుల విగ్రహాలు ఎదురవుతాయి. సంప్రదాయ రాజాస్థానాల్లో ప్రభువు రాకను కొమ్ము ఊది ప్రకటించే ఆచారాన్ని శిల్పి ఇక్కడ స్వాతంత్ర్య నాయకుడికి అన్వయించాడు. ఆ దారి చివర, స్వాతంత్ర్య ప్రకటన చేసిన చోటనే, చేయి ముందుకు చాపి అడుగు వేస్తున్న ఎన్‌క్రుమా కంచు విగ్రహం నిలబడి ఉంది. దాని వెనుక సమాధి మందిరం ఉంది. ఘనా వాస్తుశిల్పి డాన్ ఆర్థర్ రూపొందించిన ఈ కట్టడం నిండా ఇటలీ పాలరాయి పరిచారు, శిఖరాన ఘనా జెండాలోని నల్ల నక్షత్రం ఉంది. మొన కిందికి దించిన కత్తుల ఆకారం అకాన్ ప్రజల సంప్రదాయంలో శాంతికి గుర్తని గైడ్లు వివరిస్తారు. లోపల నదీగర్భపు గుండ్రాళ్ల మధ్య సమాధి, దానిమీద పైకప్పు నుంచి నిటారుగా పడే వెలుగు. ఈజిప్టు నుంచి వచ్చి ఆయనను పెళ్లాడిన ఫాతియా సమాధి కూడా ఈ ఆవరణలోనే ఉంది. ఇక్కడి నిశ్శబ్దం, శుభ్రత మెచ్చుకోదగినవి. కానీ ఇక్కడే ఆగిపోయి ఫోటోలు దిగి వెనుదిరిగేవారు అసలైన దాన్ని చూడకుండా పోతున్నట్లే.

ఆ అసలైనది తల లేని పాత విగ్రహం. ఎన్‌క్రుమా అధికారంలో ఉండగా పాత పార్లమెంటు భవనం ముందు నిలిపిన విగ్రహం అది. 1966 ఫిబ్రవరి 24న, వియత్నాం యుద్ధాన్ని ఆపించే ప్రయత్నంలో హనోయ్ వెళ్లేందుకు ఆయన పీకింగ్ (నేటి బీజింగ్) చేరుకున్న సమయంలో, సైన్యం, పోలీసులు కలిసి ఆయన ప్రభుత్వాన్ని కూలదోశారు. వీధుల్లోకి వచ్చిన జనం ఆ విగ్రహాన్ని పడగొట్టారు, తల విరగ్గొట్టారు. ఆ తలను ఒక పౌరుడు దాచి ఉంచగా, నాలుగు దశాబ్దాలకు పైగా గడిచాక, 2009లో, అది ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు మొండెం ఒక పీఠం మీద, తల దాని పక్కన వేరొక పీఠం మీద ఉన్నాయి. వాటిని అతికించడానికి ఏ శిల్పికీ పెద్ద కష్టం కాదు. అతికించకుండా విరిగిన స్థితిలోనే నిలబెట్టాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారో గాని, వారికి నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను. ఒక స్మారక చిహ్నం తన నాయకుడి మీద ప్రజలు చూపిన కోపాన్ని కూడా భద్రపరచుకోవడం ప్రపంచంలో ఎక్కడైనా అరుదుగా కనిపించే నిజాయితీ. కొత్త విగ్రహం ముందు ఎంతసేపు నిలబడితే దీని ముందు అంతకు రెట్టింపు సమయం నిలబడండి.

దీనితో సమానంగా నన్ను కదిలించింది మ్యూజియంలోని లోహపు శవపేటిక. పదవి పోయాక ఎన్‌క్రుమా మళ్లీ సొంత నేల మీద కాలు పెట్టలేదు. గినీ అధ్యక్షుడు సెకూ టూరే ఆయనకు ఆశ్రయమివ్వడమే కాక సహాధ్యక్షుడనే గౌరవం కూడా ఇచ్చాడు. ఆయన 1972 ఏప్రిల్ 27న రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. మొదట గినీ రాజధాని కొనాక్రీలో అంత్యక్రియలు జరిగాయి. అదే ఏడాది జులైలో అచియాంపాంగ్ సైనిక ప్రభుత్వం దేహాన్ని స్వదేశానికి రప్పించగా, ఆయన పుట్టిన ఊరు ఎన్‌క్రోఫుల్‌లో ఖననం చేశారు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు, అప్పటి పాలకుడు జెర్రీ రాలింగ్స్ ప్రభుత్వం అక్కడి నుంచి తెచ్చి ఈ మందిరంలో ఉంచింది. గినీ నుంచి వచ్చిన పేటికే ఇప్పుడు మ్యూజియంలో కనిపించేది. ఒక దేహం ఇన్ని చోట్లు మారడం వెనుక ఉన్నది కుటుంబ వ్యవహారం కాదు. ఏ ప్రభుత్వానికి ఆయన వారసత్వం ఎంత అవసరమైందన్నదే ప్రతి ప్రయాణాన్నీ నిర్ణయించింది.

మ్యూజియంలోని మిగతా భాగంలో ఆయన దుస్తులు, మేజా, పుస్తకాలు, దేశదేశాల నాయకులతో దిగిన ఛాయాచిత్రాలు ఉన్నాయి. నెహ్రూతో ఉన్న ఎన్‌క్రుమాను చూసినప్పుడు భారతీయ సందర్శకులు సహజంగానే ఆగుతారు. 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమానికి రూపమిచ్చిన ఐదుగురిలో యుగోస్లావియా నాయకుడు టిటో, ఈజిప్టు నాయకుడు నాసర్, ఇండోనేషియా నాయకుడు సుకర్ణోలతో పాటు వీరిద్దరూ ఉన్నారు. 1958 డిసెంబరులో అక్రాలో జరిగిన అఖిల ఆఫ్రికా ప్రజల మహాసభకు కాంగో నుంచి, తరువాత ఆ దేశపు తొలి ప్రధాని అయిన యువ లుముంబా వచ్చాడు. అమెరికా నల్లజాతి మేధావి డు బోయిస్ తన చివరి రోజులు అక్రాలోనే గడిపి, 1963లో ఇక్కడే కన్నుమూశారు. ఖండం మొత్తం స్వేచ్ఛ పొందకపోతే ఘనా స్వాతంత్ర్యానికి అర్థం లేదన్న ఎన్‌క్రుమా మాట ఆ కాలంలో ఉపన్యాసంగా మిగిలిపోలేదు, ఉద్యమకారులకు డబ్బుగా, ఆశ్రయంగా, శిక్షణగా మారింది. ఈ ఛాయాచిత్రాల గోడను తీరిగ్గా చూడాలి.

అయితే ఇక్కడికి వచ్చేవారు ఒక పని ముందుగా చేసుకుని రావాలి. స్మారక వనం నివాళి కోసం కట్టింది, విచారణ కోసం కాదు. తల ఎందుకు విరిగిందన్న ప్రశ్నకు జవాబు ఎవరికి వారు చదువుకుని తెచ్చుకోవలసిందే. ఆ జవాబు కోకో తోటల్లో మొదలవుతుంది. దేశ ఆదాయానికి ఆధారం కోకో. ప్రపంచ మార్కెట్లో ధర ఎంత పెరిగినా రైతుకు ఇచ్చే ధర పెరగకుండా ఎన్‌క్రుమా ప్రభుత్వం 1954లో చట్టం చేసింది. మిగులుతో బడులు, రోడ్లు కట్టాలన్నది ఉద్దేశం. కానీ కోకో ఎక్కువగా పండించే అశాంటీ ప్రాంతంలో ఇది తమ కష్టాన్ని తీరప్రాంతం దోచుకోవడంగా కనిపించింది. అదే ఏడాది ఆ ప్రాంతపు ముఖ్య నగరం కుమాసీలో నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ అనే ప్రతిపక్ష పార్టీ పుట్టింది, సంప్రదాయ ప్రభువులు దాని వెనుక నిలబడ్డారు, వీధుల్లో రక్తం చిందింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ప్రాంతం, తెగ, మతం ప్రాతిపదికన ఏర్పడిన పార్టీలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది, 1958 జులైలో, విచారణ లేకుండా ఐదేళ్ల దాకా ఎవరినైనా నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వం తీసుకుంది. ముందస్తు నిర్బంధ చట్టం తెలుగువారికి కొత్త కాదు. భారతదేశం 1950లోనే అలాంటి చట్టం తెచ్చుకుంది, పీడీ యాక్టు అన్న మాట నేటికీ మన వార్తాపత్రికల్లో కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఇది ఆఫ్రికాకు మాత్రమే పరిమితమైన దోషమని అనుకోవడం మనకు తగదు. వలస పాలకులు విడిచివెళ్లిన ఆయుధాన్ని కొత్త పాలకులు చేజిక్కించుకోవడం రెండు చోట్లా జరిగింది.

ఘనాలో అది ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి జె.బి. దాన్‌క్వా ఒక్కరి కథ చాలు. 1947 ఆగస్టులో దేశంలో తొలి పెద్ద రాజకీయ వేదికను స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు, ఎన్‌క్రుమాను విదేశం నుంచి పిలిపించి కార్యదర్శి పదవి ఇచ్చిన బృందంలోనివాడు. 1948 ఫిబ్రవరి 28న జీతభత్యాల కోసం ఊరేగింపుగా వెళ్లిన మాజీ సైనికులపై వలస పోలీసులు కాల్పులు జరిపి ముగ్గురిని చంపినప్పుడు, ఆ తరువాతి అల్లర్లకు బాధ్యులంటూ బ్రిటిష్‌వారు ఎన్‌క్రుమాతో కలిపి అరెస్టు చేసిన ఆరుగురిలో ఒకడు. అదే దాన్‌క్వా 1965 ఫిబ్రవరిలో, స్వతంత్ర ఘనాలోని ఎన్‌సవామ్ జైల్లో, విచారణ లేని నిర్బంధంలో ప్రాణాలు విడిచారు. ఆ ఆరుగురిలోనే ఉన్న ఆకో అజేయీ, 1962లో కులుంగుగులో ఎన్‌క్రుమాపై జరిగిన బాంబు దాడి కేసులో నిందితుడయ్యాడు. 1963 డిసెంబరులో న్యాయస్థానం ఆయనను, మరో ఇద్దరిని నిర్దోషులని ప్రకటిస్తే, ఆ తీర్పు ఇచ్చిన ప్రధాన న్యాయమూర్తి ఆర్కు కోర్సానే ఎన్‌క్రుమా పదవి నుంచి తొలగించాడు. మరుసటి ఏడాది దేశం ఏకపార్టీ రాజ్యమైంది. ఇవన్నీ తెలిసి మళ్లీ ఆ కంచు తల వైపు చూస్తే, దాన్ని విరిచినవారిని కేవలం అల్లరిమూకగా కొట్టిపారేయలేం.

అలాగని ఆయన కట్టినవాటిని చిన్నచూపు చూడడం కూడా అన్యాయమే. ప్రాథమిక విద్యలో ఫీజు రద్దు, టెమా రేవు, కొత్త విశ్వవిద్యాలయాలు, అన్నిటికంటే మించి వోల్టా నదిపై అకొసోంబో ఆనకట్ట ఆయన కాలపు పనులే. 1966 జనవరిలో ఆనకట్ట ప్రారంభమైన తరువాత దాదాపు నెల రోజులకే ఆయన పదవి పోయింది. సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఏర్పడిన జలాశయం కోసం దాదాపు 80,000 మంది ఊళ్లు వదిలిపెట్టారు. నాగార్జునసాగర్ కట్టిన తరాన్ని చూసిన తెలుగు కుటుంబాలకు ఆ ఉత్సాహం, దాని కింద మునిగినవారి దుఃఖం రెండూ వెంటనే అర్థమవుతాయి. అక్కడ పుట్టిన విద్యుత్తులో పెద్ద వాటా అమెరికా కంపెనీల అల్యూమినియం కర్మాగారానికి చౌకగా పోయింది. దేశంలో బాక్సైటు ఉండగా ముడిసరుకు బయటి నుంచి వచ్చేది. రాజకీయ స్వేచ్ఛ వచ్చినా ఆర్థిక పట్టు పరాయి చేతుల్లోనే ఉందని ఎన్‌క్రుమా జీవితాంతం చెప్పిన మాటకు ఆయన సొంత ఆనకట్టే ఉదాహరణగా నిలిచింది. 1960ల మధ్యలో ప్రపంచ కోకో ధర కుప్పకూలినప్పుడు ఖజానా వట్టిపోయింది, దుకాణాల్లో సరుకు మాయమైంది, సైన్యానికి అదను దొరికింది.

స్మారక వనం చూశాక వెంటనే కారెక్కి వెళ్లిపోకండి. అక్కడికి దగ్గరలోనే మకోలా మార్కెట్ ఉంది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఎన్‌క్రుమా పార్టీకి డబ్బు, జనం, గొంతు ఇచ్చినవారు అక్రా బజారు స్త్రీలు. 1979 జూన్‌లో యువ సైనికాధికారి జెర్రీ రాలింగ్స్ నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. ముగ్గురు మాజీ దేశాధినేతలతో సహా ఎనిమిది మంది ఉన్నతాధికారులను కాల్చిచంపారు. ధరలు మండిపోవడానికి కారణం సరుకు దాచుకునే వ్యాపారులేనంటూ అదే ఏడాది ఆగస్టులో సైనికులు మకోలా ప్రధాన మార్కెట్‌ను నేలమట్టం చేశారు. తప్పు విధానాలది, శిక్ష మాత్రం తట్టలు ముందు పెట్టుకుని కూర్చున్న స్త్రీలకు పడింది. ఘనా సామాజిక చరిత్రలో నాకు అత్యంత బాధ కలిగించే ఘట్టం ఇదే. దీని స్మృతి ఏ పాలరాతి మందిరంలోనూ లేదు. మళ్లీ కట్టుకుని, మళ్లీ కిక్కిరిసిన ఆ బజారే దానికి సాక్ష్యం. గళ్ల గళ్ల ప్లాస్టిక్ సంచులు అక్కడ గుట్టలుగా కనిపిస్తాయి. 1983 జనవరిలో నైజీరియా సుమారు పది లక్షల మంది ఘనావాసులను కొద్ది రోజుల గడువులో వెళ్లగొట్టినప్పుడు వారు సామాన్లు సర్దుకున్నది వాటిలోనే, అందుకే పశ్చిమ ఆఫ్రికా అంతటా ఆ సంచికి ఘనావాళ్లు వెళ్లిపోవాలి అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1969లో, ఘనాలోని బుసియా ప్రభుత్వం అనుమతిపత్రాలు లేని విదేశీయులను వెళ్లగొట్టినప్పుడు ఇళ్లు వదిలినవారిలో ఎక్కువమంది నైజీరియన్లు. వెళ్లగొట్టబడినవారు తిరిగివచ్చిన 1983లోనే ఘనాలో కరువు, కార్చిచ్చులు వచ్చాయి, ఆకలితో జనం ఎముకలు తేలారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) షరతులతో ఆర్థిక సంస్కరణలు మొదలైనది కూడా ఆ ఏడాదే.

1981 చివరిలో రెండోసారి అధికారం చేజిక్కించుకున్న రాలింగ్స్, 1992లో కొత్త రాజ్యాంగానికి, ఎన్నికలకు దారి తెరిచాడు. ఎన్‌క్రుమాను ఈ వనానికి తెచ్చింది ఆ ఏడాదే కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఓట్లు అడగబోయే సైనిక నాయకుడికి స్వాతంత్ర్య నాయకుడి నీడ కావలసివచ్చింది. 2001 జనవరిలో ఓడిన పార్టీ గెలిచిన పార్టీకి అధికారాన్ని ప్రశాంతంగా అప్పగించింది. ఆ తరువాత 2009, 2017, 2025లలోనూ అదే జరిగింది. చుట్టుపక్కల దేశాల్లో సైనిక తిరుగుబాట్లు మళ్లీ మొదలైన ఈ కాలంలో ఇది చిన్న విషయం కాదు. అయినా ఎన్‌క్రుమా మీద తగవు తీరలేదు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 21ని జాతి స్థాపకుడి దినంగా ఒక ప్రభుత్వం సెలవు ప్రకటించింది. దాన్‌క్వా సంప్రదాయానికి చెందిన మరో ప్రభుత్వం 2019లో స్థాపకులు ఒక్కరు కాదు, పలువురు అంటూ ఆ సెలవును ఆగస్టు 4కు మార్చింది. 2025లో అది మళ్లీ సెప్టెంబరు 21కి వచ్చింది. ఇక విదేశాల నుంచి వచ్చే సందర్శకుడు దిగే విమానాశ్రయం దశాబ్దాల పాటు మోసిన పేరు, ఎన్‌క్రుమాను కూలదోసిన సైనికాధికారి కొటోకాది.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. విదేశీయుల ప్రవేశ రుసుము స్థానికుల రుసుముకు అనేక రెట్లు ఉంటుంది. సొంత పౌరులకు, ముఖ్యంగా పిల్లలకు, తమ చరిత్ర అందుబాటులో ఉండాలంటే అలాగే ఉండాలి, దానిమీద ఫిర్యాదు చేయవలసిన పని లేదు. గైడ్ సహాయం తప్పకుండా తీసుకోండి. నాకు దొరికిన యువకుడు పాఠం అప్పజెప్పినట్లు కాకుండా, ముందస్తు నిర్బంధ చట్టం గురించి అడిగిన ప్రశ్నకు కూడా తడబడకుండా జవాబిచ్చాడు, తన కుటుంబంలోనే ఎన్‌క్రుమాను ఆరాధించేవారు, క్షమించనివారు ఇద్దరూ ఉన్నారని చెప్పాడు. ఆ సంభాషణకు కట్టిన రుసుము మొత్తం చెల్లిపోయింది. ఎండ తీవ్రంగా ఉంటుంది కాబట్టి ఉదయమే వెళ్లడం మంచిది. పదేళ్లు దాటిన పిల్లలను వెంట తీసుకెళ్లవచ్చు, ఇంకా చిన్నవారికి తోట, నీటి కుండాలు తప్ప మిగతాది పట్టదు. సమాధి మందిరంలో గొంతు తగ్గించి మాట్లాడాలి, స్థానికులు దాన్ని నిజంగానే పవిత్రంగా చూస్తారు. ఓపిక ఉంటే తీరం వెంబడి తూర్పుకు నడిచి స్వాతంత్ర్య తోరణం దాకా వెళ్లండి. మరో రోజు కేటాయించగలిగితే అకొసోంబో ఆనకట్ట చూడండి. కట్టడాల అందం మాత్రమే కోరుకునేవారికి ఒక గంట చాలు, చరిత్ర కోసం వచ్చేవారు కనీసం ఒక పూట ఉంచుకోవాలి.

నిర్వాహకులను నేను కోరేది ఒక్కటే. విరిగిన విగ్రహాన్ని విరిగినట్లే చూపే ధైర్యం వారికి ఉంది. ఎన్‌సవామ్ జైల్లో విచారణ లేకుండా ఏళ్లు గడిపినవారి పేర్లను ఆ విగ్రహం పక్కనే రాతిమీద చెక్కించడానికి అదే ధైర్యం సరిపోతుంది. వాటిలో దాన్‌క్వా పేరు మొదటి వరుసలో ఉండాలి.